పన్నెండుకి జవాబు

61వ ఏడు, 204వ రోజు, బుధవారం

ఇవాళ పొద్దున అమ్మ దగ్గర్నుంచి 12 రాలేదు. దాని చోట &é అని వచ్చింది.

ఏడింటికల్లా కబుర్ల గదికి వెళ్లి తెర ముందు కూర్చోవడం నా రోజులో మొదటి పని. అమ్మ మాకు పదకొండు కిలోమీటర్ల కింద, మంచులో బోరు వేసే మకాంలో ఉంది. అక్కడినుంచి గొంతు రాదు, బొమ్మ రాదు. సన్నటి తీగ మీద పూటకి కొన్ని గుర్తులు మాత్రం వస్తాయి. అందుకని నలభై కబుర్ల జాబితా ఒకటి గోడకు అంటించి ఉంటుంది. 7 అంటే క్షేమం. 9 అంటే నూనె పంపండి. 11 అంటే గొలుసు తెగింది. 12 అంటే తిన్నావా. 13 అంటే తిన్నాను. పనికి కావలసినవన్నీ వరసగా రాసుకుంటూ పోతున్నప్పుడు ఎవరికో మధ్యలో జాలి కలిగి ఆ రెండూ చేర్చినట్టున్నారు.

అమ్మ దిగి ఇరవై రెండు నెలలు. ఇంకా పద్నాలుగు నెలలుంది. ఇన్నాళ్లూ రోజూ తిన్నావా అనే అడిగింది. నేను రోజూ 13 కొట్టాను. అందులో చాలా వరకు అబద్ధమే. ఏడింటికి నేనెప్పుడూ తిని రాను.

ఇవాళ వచ్చిన మొదటి గుర్తు ముడిపడిన దారంలా ఉంది. రెండోది నెత్తిన చిన్న గీత పెట్టుకున్న పరాయి అక్షరం. ఎంత బాగుందో! అమ్మ కొత్త మాట ఏదో నేర్చుకుందేమోనని ఒక్క క్షణం మురిసిపోయాను. తెర అడుగున మాత్రం చిన్న అక్షరాలతో ఇలా వచ్చింది: అంకె అందలేదు, మొదటి రోజు.

నేను కూడా ఇవాళ 13 కొట్టలేదు. కొట్టనవసరం లేని రోజు కోసమే కదా ఆర్నెల్లు కష్టపడ్డాను.

మా మంచువలసలో అన్నీ నల్ల తెరలే. మెరుస్తున్న గీత దగ్గర ఆజ్ఞ టైపు చేస్తే పంపు తిరుగుతుంది. తప్పు కొడితే తిరగదు. కీబోర్డులు మాత్రం ఎనిమిది దేశాలవి. మొదట వచ్చినవాళ్లు ఎవరి దేశానివి వాళ్లు పట్టుకొచ్చారు. మీటల మీద ఏ అక్షరం అచ్చయి ఉన్నా ప్రోగ్రాము పట్టించుకోదు, అన్నిటినీ ఒకే రకం కీబోర్డుగా చూస్తుంది. మనుషులూ అంతే. మీటల మీద మంచు పేరుకుంటుంది, చేతులకు లావు గ్లౌజులుంటాయి. అందుకని ఇక్కడ ఎవరూ అక్షరం చూసి నొక్కరు. ఏ ఆజ్ఞకి ఏ వేలు ఎక్కడికి పోవాలో చిన్నప్పుడే పాటగా నేర్పేస్తారు. వాటిని వేలిపాటలంటారు. తిన్నావా అనడానికి పాట ఇది: పై మెట్టు, మూల విడిచి తొలి ఇల్లు, దాని పక్కిల్లు.

బడి గదిలో ఒకే ఒక్క తెలుగు కీబోర్డు ఉంది. మీటల మీద క, గ, ద అని ముద్దుగా అచ్చయి ఉంటుంది. నొక్కితే తెర మీద వేరే అక్షరం పడేది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. అక్షరాలుండీ ఎవరికీ అక్కర్లేదా! అందుకే ఏ దేశపు కీబోర్డయినా దాని మీద ఏది అచ్చయి ఉంటే అదే తెర మీద పడేలా ఒక పట్టిక రాశాను. కూర్మారావు మాస్టారు నాలుగుసార్లు దిద్దించి, ముద్ర వేశారు. సోమవారం నుంచి ఒక్కో యంత్రానికీ పంపుతున్నాం. నిన్న సాయంత్రం అమ్మ మకాంకీ వెళ్లింది.

కాబట్టి ఇవాళ, ఆ బడి గది కీబోర్డు మీంచి, మంచువలసలో మొదటిసారిగా, తీగ మీద తెలుగు దిగింది. ఏం రాయాలా అని వారం రోజులు నిఘంటువు తిరగేశాను. చివరికి జాబితాలో అంకె లేని మాట ఒకటి దొరికింది.

అమ్మా, బెంగగా ఉంది.

అమ్మకి చదవడం వచ్చు, నెమ్మదిగా. దిగేముందు రెండు నెలలు నేనే నేర్పాను. వంటగదిలో ఆవిరి పట్టిన పళ్లెం మీద వేలితో రాస్తే, అది కరిగేలోపు చదివెయ్యాలి. అదీ మా ఆట.

ఇంటికొచ్చాక పిన్ని అడిగింది, “ఏటే, మీయమ్మ ఏటంది?”

“కొత్తగా ఏదో అంది పిన్నీ.”

“కొత్తగానా? రెండేళ్లుగా అదే కూడు, అదే కబురు. కొత్తేటి దొరికిందే దానికి ఆ మంచులో?”


205వ రోజు, గురువారం

ఇవాళ éè వచ్చింది. అంకె అందలేదు, రెండో రోజు.

మాస్టారు నా వెనకే నిలబడి ఉన్నారని నాకు తెలీదు. తెర వైపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు.

“తవిటమ్మా, నిన్న కూడా ఇలాగే వచ్చిందా?”

“వచ్చింది మాస్టారూ. వేరే గుర్తులు.”

“నిన్ననే ఎందుకు సెప్పలేదు?”

కొత్త మాట అనుకున్నానని ఎలా చెప్పను?

కింద గాలి చెడితే మనుషులకి మత్తు కమ్ముతుందట. అప్పుడు ఏ మీట నొక్కుతున్నారో వాళ్లకే తెలీదట. యాభయ్యో ఏట అలాగే మూడు రోజులు పిచ్చి గుర్తులు వచ్చాయి, యంత్రం చెడిందనుకుని ఊరుకున్నారు, నాలుగో రోజుకి ఏమీ రాలేదు. అప్పట్నుంచీ నియమం పెట్టారు. మూడు రోజులు వరసగా అంకె రాకపోతే నాలుగో పొద్దున ఎనిమిదింటికి గొలుసు తిప్పి మకాంలో ఉన్న ఎనిమిది మందినీ పైకి లాగేస్తారు.

“అంటే శనివారం,” అన్నాను.

“శనివారం.”

“అమ్మ పైకొచ్చేస్తుందా?”

“వచ్చేస్తాది.” ఆయన గొంతులో సంతోషం లేదు. “బోరు మాత్రం పోతాది. మర తిరగడం ఆగితే రెండ్రోజుల్లో మంచుతో పూడుకుపోతాది. ఇరవై రెండు నెల్ల పని.”

ఆ బోరు అడుగున నీళ్లున్నాయి. ఇప్పుడు మాకు మనిషికి రోజుకి నాలుగు చెంబులు. పిన్ని కూరగాయలు కడిగిన నీళ్లతో గిన్నెలు కడిగి, ఆ నీళ్లతోనే నేల తుడుస్తుంది. అవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా, మాస్టారి మొహం చూస్తూ కూడా, నా గుండె మాత్రం శనివారం, శనివారం అని కొట్టుకుంది.

పిన్నికి చెప్పగానే గరిటె జారవిడిచింది. “మా అప్పకి మత్తా? ఓలమ్మో!” అని కాసేపు ఏడ్చింది. మళ్లీ కళ్లు తుడుచుకుని, “రానీ. ముందైతే మనిషి రానీ. నీళ్లు కాపోతే మన కన్నీళ్లు తాగుదుము,” అని నవ్వింది. అమ్మ కంబళి పెట్టెలోంచి తీసి దులిపింది.

మధ్యాహ్నం అప్పలకొండ మావ పిలిపించాడు. పడమర వరస ఇళ్లన్నిటికీ వేడి పంపే పొయ్యి ఆయనదే. ముప్ఫై ఏళ్లుగా దాన్ని వెలిగిస్తున్నాడు.

“ఓలి గుంటా, నా పొయ్యి నన్ను మర్సిపోయిందే.”

“ఏమయింది మావా?”

“వెలిగించమంటావా అని అడుగుతాది. అవునంటాను. మళ్లీ అడుగుతాది. అవునే తల్లీ అంటాను. మళ్లీ అడుగుతాది. నా ఇంటిది కూడా నన్నిన్నిసార్లు అడగలేదు. పొద్దున్నుంచి పడమర వరసోళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు.”

“ఏది, నా ముందు కొట్టు.”

ఆయన కళ్లు మూసుకుని పాట అందుకున్నాడు. రెండో మెట్టు, మూల విడిచి ఆరో ఇల్లు. గ్లౌజు వేలు ఆరో మీట మీద సరిగ్గా పడింది. పాత ప్రోగ్రాముకి అవును అంటే y ఒక్కటే తెలుసు. తెర మీద z పడింది.

నేను మీట మీది మంచు గోటితో గీకి చూశాను. కింద z అని అచ్చయి ఉంది. అది జర్మనీ కీబోర్డు. వాళ్లకి ఆ చోట ఆ అక్షరమే ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా అక్కడ z ఉందని మావకి తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. నిన్నటి దాకా ఆ చోటు నొక్కితే y పడేది. నిన్న రాత్రి నా పట్టిక దీనికీ వచ్చి, అచ్చయినదే పడాలంది.

“ఏటయిందే? మొగం అలా అయిపోనాది?”

“ఏం లేదు మావా. రేపు సరిచేస్తాను. ఇవాళ్టికి y ఇక్కడ, కింది మెట్టులో ఉంది. ఇది నొక్కు.”

“ఇదా? దాన్నెలా మర్సిపోనూ, దీన్నెలా గురుతెట్టుకోనూ!” అని గొణుగుతూ నొక్కాడు. పొయ్యి వెలిగింది.

బడి గదికి వచ్చి మకాం సామాన్ల చిట్టా తీశాను. అమ్మ ముందున్నది ఫ్రాన్సు కీబోర్డు. దాని పై మెట్టు మీటల మీద అంకెలు పైన, గుర్తులు కింద అచ్చయి ఉంటాయి. ఊరికే నొక్కితే గుర్తే పడుతుంది. అంకె కావాలంటే ఇంకో మీట కూడా పట్టుకోవాలి. మూల విడిచి తొలి ఇల్లు, &. దాని పక్కిల్లు, é.

తిన్నావా.

అమ్మకి మత్తు లేదు. గాలి బాగానే ఉంది. బుధవారం పొద్దున అమ్మ తన పాటే తను పాడింది. నేను దాని అర్థం చెరిపేశాను.

ఈ సంగతి ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. రేపొక్క రోజు ఊరుకుంటే చాలు. ఇవాళ వచ్చిన రెండు గుర్తులు ఏ మీటలవో లెక్కపెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. చిట్టా మూసేశాను.


206వ రోజు, శుక్రవారం

మళ్లీ &é. అంకె అందలేదు, మూడో రోజు.

తిన్నావా అని అడుగుతోంది, నాకు తెలుసు. 13 కొట్టాను. నా వెనక నలుగురు పెద్దలు నిలబడి రేపటి గొలుసు గురించి మాట్లాడుకుంటున్నారు. ఎవరు తిప్పాలి, వైద్యుడు ఎక్కడ నిలబడాలి, ఎనిమిది మంచాలు ఎక్కడ వెయ్యాలి. నేను నోరు విప్పలేదు.

ఇంట్లో పిన్ని అమ్మ మంచం నా మంచం పక్కకి జరిపింది. తన వాటా నీళ్లలో ఒక చెంబు మిగిల్చి మూతపెట్టింది. “రాగానే మొగం కడుక్కుంటాదే. రెండేళ్లయింది పాపం, దాని మొగమ్మీద నీళ్లు పడి,” అంది. ఆ చెంబు వంక చూస్తే అన్నం దిగలేదు.

నిఘంటువులో నాకిష్టమైన మాటలన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఎండ, చిరుజల్లు, మడుగు. వీటిలో ఏదీ చూసి ఎరగను. రేపు అమ్మ పక్కన పడుకుని ఒక్కొక్కటే చదివి వినిపించాలని వాటికి వరస కూడా వేసుకున్నాను. వేస్తూ వేస్తూ బెంగ దగ్గర ఆగిపోయాను. బుధవారం అమ్మకి పంపిన మాట అది. మరి గురువారం వచ్చింది 12 కాదు కదా! ఇన్ని నెలల్లో మొదటిసారి అమ్మ తిన్నావా అని అడగని రోజు అది.

కళ్లు మూసుకున్నాను. బల్ల అంచునే కీబోర్డు అనుకుని వేళ్లు ఆనించాను. é, పై మెట్టు, రెండో ఇల్లు. è, పై మెట్టు, ఏడో ఇల్లు.

జాబితా చూడనక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. అయినా లేచి కబుర్ల గదికి వెళ్లి గోడ దగ్గర నిలబడి చూశాను.

27. పని అయ్యాకే వస్తాను.

అమ్మ నా మాట చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, గ్లౌజు వేలితో తెర మీద తడుముకుంటూ చదివి ఉంటుంది. జవాబివ్వడానికి తన దగ్గర నలభై మాటలే ఉన్నాయి. వాటిని వెతికి, అందులో దీన్ని ఎంచుకుంది.

అక్కడినుంచే కూర్మారావు మాస్టారి దగ్గరికి వెళ్లాను.

ఆయన మొత్తం విన్నారు. అప్పలకొండ మావ పొయ్యి గురించి, ఫ్రాన్సు కీబోర్డు గురించి, నిన్నటి నుంచి నాకు తెలుసన్న సంగతి గురించి కూడా. ఎక్కడా అడ్డు తగల్లేదు. చివర్లో తన వేలికున్న ముద్ర ఉంగరం తీసి బల్ల మీద పెట్టారు.

“ముద్ర నాది. తప్పులో సగం నాది,” అన్నారు. “నాలుగుసార్లు దిద్దించాను. నాలుగుసార్లూ అక్షరాలే చూశాను, వేళ్లని చూడలేదు.” ఉంగరం వంక చూస్తూనే, “ఒక్కటి అడుగుతాను, సెప్పు. ఊరుకుని ఉంటే రేపు ఎనిమిదింటికి మీయమ్మ పైకొచ్చును. ఎందుకు సెప్పావు?”

నేను కాగితం మీద 27 అని రాసి చూపించాను. ఆయన కళ్లద్దాలు మళ్లీ తుడుచుకున్నారు.

తర్వాత పనిలో పడ్డాం. మీట చోటు చూసే పాత పట్టిక వెనక్కి పంపాలి. నా పట్టిక కూడా ఉంచితే ఆజ్ఞలకి చోటు, మాటలకి అచ్చు, రెండూ సరిపోతాయి కదా అన్నాను. పైనున్న యంత్రాల్లో అది కుదురుతుంది. మకాం యంత్రం మరీ పాతది, ఒక్క పట్టికకే చోటుంది. నాది తీసేస్తే తెలుగూ పోతుంది. అక్కడి తెరకి మళ్లీ ఆ పాత అక్షరాలే, ఆ అంకెలే.

“పోనీ కొత్త పద్ధతే వాళ్లకి నేర్పితే?” అన్నాను. నాకు సిగ్గేసింది కానీ అడగకుండా ఉండలేకపోయాను. “ఇప్పుడైతే తెలుగులో రాసి పంపొచ్చు కదా మాస్టారూ. ఏ మీట ఎక్కడుందో అన్నీ రాస్తాను. అమ్మ చదువుతుంది.”

“చదువుతాది. చదివినంత మాత్రాన చేతులు వింటాయా? బోరు మర కూడా ఆ వేళ్లతోనే తిప్పుతోంది తల్లీ. చేతికి కొత్త పాట పట్టాలంటే ఏడాది పడతాది. తప్పు ఆజ్ఞకి ఒక్క నిమిషం చాలు.”

మూడు రోజులుగా మర ఎలా తిప్పుతున్నారో అన్న ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదు.

తీగ మీద పూటకి అరవై గుర్తులకే చోటు. సాయంత్రం పూటవి ఇంకా వాడలేదు. తెలుగులో పంపగలిగే చివరి కబురు అదే. నా పుస్తకంలో ఎన్ని మాటలున్నాయో! కానీ పనికి కావలసింది ముందు రాయాలి. మాస్టారు చెబుతుంటే నేను తెలుగు కీబోర్డు మీద కొట్టాను.

రేపు ఏడు దాకా మర ఆపండి. తర్వాత పాత పాటే.

చోటు లెక్క చూసుకుంటే ఇంకొక్క మాటకి మిగిలింది. మాస్టారు చూసి, కిటికీ వైపు తిరిగారు. కిటికీ అవతల మంచు గోడ తప్ప ఏమీ ఉండదు.

బెంగ అని మళ్లీ రాయొచ్చు. ఎండ అనో, మడుగు అనో రాయొచ్చు. కానీ అమ్మ 27 అంది, దానికి నేనింకా జవాబివ్వలేదు.

సరే, అని కొట్టి పంపాను.

పెద్దలకి మాస్టారే చెప్పారు. రేపు ఏడింటికి అంకె వస్తే గొలుసు తిప్పరు. ఒకరిద్దరు నన్ను కోపంగా చూశారు. అప్పలకొండ మావ మాత్రం, “నా పొయ్యిదే మతిమరుపు అనుకున్నాను, దానిదీ కాదన్నమాట,” అని నా నెత్తిన మొట్టాడు.

పిన్నికి చెప్పడమే కష్టమయింది. “ఒక్కరోజు నోరు మూసుకోనేకపోయావే?” అంది. అమ్మ మంచం తనే జరిపి గోడవారకి చేర్చింది. కంబళి మడతపెట్టి, పెట్టెలో పెట్టబోయి ఆగి, తెచ్చి నా మీద కప్పింది. మూతపెట్టిన చెంబు అలాగే ఉంది. “రేపు పొద్దున్న ఆ నీళ్లతో జావ కాస్తాను,” అంది అటు తిరిగి.

పాత పట్టిక ఆరింటికల్లా మకాంకి చేరుతుందని మాస్టారు చెప్పారు. ఏడింటికి అమ్మ వేళ్లు పై మెట్టు మీదికి వెళ్తాయి. మూల విడిచి తొలి ఇల్లు, దాని పక్కిల్లు.

రేపు ఐదున్నరకే లేస్తాను. పిన్ని కాసిన జావ గిన్నెడూ తాగి, గిన్నె కడిగి, అప్పుడు కబుర్ల గదికి వెళ్తాను. ఈసారి 13 నిజంగా కొట్టాలి.